ఏ వేలు తిమ్మిరెక్కింది? సముద్రంలో కయాక్ నడిపేవాళ్ల చేతుల కోసం ఒక మార్గదర్శి

చెన్నై దగ్గరి కోవళంలో ఒడ్డుకొచ్చి, కయాక్‌ను, అంటే రెండు వైపులా బ్లేడున్న తెడ్డుతో నడిపే మా సన్నటి పడవను, ఇసుకలోకి లాగేసి, టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. డబ్బులిద్దామని జేబులో చేయి పెట్టాను. రెండు నాణేలు తగిలాయి కానీ ఏది పది రూపాయలదో, ఏది రెండు రూపాయలదో వేళ్లకు తెలియలేదు. బయటికి తీసి చూసుకుంటే గానీ తేలలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఎవరివో తెచ్చి నాకు అతికించినట్టున్నాయి. పక్కన మా బావ టీ గ్లాసును కుడిచేతిలోకి మార్చుకుంటూ, "నాకూ మొద్దుబారింది రా, ఈ ఎడమచేతి చిటికెనవేలు" అన్నాడు.

ఇద్దరం ఒకే పడవలో కూర్చుని ఒకే గంటన్నర తెడ్డు వేశాం. తిమ్మిరి మాత్రం చెరో వేలికి వచ్చింది. మరుసటి వారం ఇద్దరం కలిసే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఏ వేలని అడగలేదు. నరాల బలహీనత అని ఇద్దరికీ ఒకే బీ విటమిన్ మాత్రలు రాశారు. నెల రోజులు మింగితే మూత్రం పచ్చగా రావడం తప్ప ఏ మార్పూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు వాతం అన్నారు, నువ్వులనూనె రాసి కాపడం పెట్టమన్నారు. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు కుర్చీలో కూర్చోకముందే అడిగిన ప్రశ్న: "ఏ వేలు? వేలి లోపలి వైపా, వెనక వైపా?" అసలు వైద్యం అక్కడ మొదలైంది. ఈ మార్గదర్శి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇది వారమంతా చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో కీబోర్డు కొట్టి, ఆదివారం కోవళంలోనో ముట్టుకాడులోనో తెడ్డు పట్టేవాళ్ల కోసం. చలిదేశాల వాళ్లు రాసిన పుస్తకాల్లో చేతులు మొద్దుబారడానికి మొదటి కారణం చన్నీళ్లని ఉంటుంది. మన బంగాళాఖాతానికి ఆ నేరం అంటగట్టలేం. చెన్నై తీరంలో నీళ్లు ఏడాది పొడవునా గోరువెచ్చగానే ఉంటాయి. ఇక్కడ తిమ్మిరెక్కిందంటే చాలాసార్లు ఎక్కడో ఒక నరం నలుగుతోందనే అర్థం.

మొదటి పని: వేలిని బట్టి నరాన్ని పట్టుకోవడం

ఒడ్డుకు రాగానే, తిమ్మిరి ఇంకా ఉండగానే, ఒక పెన్నుతో చేతిమీద గీసుకోండి. నవ్వులాటగా ఉంటుంది గానీ ఇంటికెళ్లేసరికి మర్చిపోతాం. గీత గీసి ఫోనులో ఫోటో తీసుకుంటే చాలు, రేపు డాక్టరుకూ అదే చూపించవచ్చు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో బొటనవేలి వైపు సగం. ఇది మీడియన్ నరం ఇలాకా. మణికట్టు దగ్గర ఈ నరం ఒక ఇరుకు సొరంగంలోంచి పోతుంది. కింద చిన్న ఎముకలు, పైన సాగని ఒక పట్టీ, మధ్యలో వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లు, వాటి మధ్య నలుగుతూ ఈ ఒక్క నరం. టెండాన్ అంటే కండను ఎముకకు కట్టే తాడు. పొద్దున పూట లోకల్ రైలు డబ్బా తలుచుకోండి. పిడికిలి బిగించినా, మణికట్టును వెనక్కి విరిచినా, లోపలికి వంచినా ఆ డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది. తొమ్మిది తాళ్లూ ఓర్చుకుంటాయి, నరం ఓర్చుకోలేదు. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. నాది ఇదే.

చిటికెనవేలు, ఉంగరపువేలిలో మిగతా సగం. ఇది అల్నార్ నరం. మోచేయి గోడ అంచుకు తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, అదే ఇది. ఇది రెండు చోట్ల నలుగుతుంది: మోచేయి వెనక, లేదా మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు. ఎక్కడన్నది తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. అరచేయి తిప్పి వెనక వైపు, చిటికెనవేలి కింద చర్మాన్ని తాకండి. అక్కడా మొద్దుగా ఉంటే నలుగుడు మోచేయి దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. వెనక బాగానే ఉండి అరచేతి వైపు వేలు మాత్రమే తిమ్మిరిగా ఉంటే మణికట్టును అనుమానించాలి. ఎందుకంటే వెనక వైపు చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టు రాకముందే విడిపోతుంది. బావకు వెనక కూడా మొద్దుబారింది.

బొటనవేలి వెనక, చేతి వీపు మీద మాత్రమే తిమ్మిరి ఉంటే సంతోషించండి, చాలాసార్లు వాచీ పట్టీయే కారణం. దాని గురించి తర్వాత చెబుతాను.

అన్ని వేళ్లూ, లేదా చేయి మొత్తం తిమ్మిరెక్కి, మెడ తిప్పితే ఎక్కువ తక్కువలు అవుతుంటే మెడనో, భుజం మీద లైఫ్ జాకెట్ పట్టీనో చూసుకోవాలి. రెండు చేతులూ, రెండు పాదాలూ కలిపి, కయాక్ ఎక్కని రోజుల్లో కూడా మొద్దుగా ఉంటే ఇక తెడ్డును తిట్టి లాభం లేదు. షుగరు, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. షుగరూ, థైరాయిడ్ తగ్గడమూ కార్పల్ టన్నెల్‌కు కూడా దారితీస్తాయి. శుద్ధ శాకాహారులకూ, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు వాడేవాళ్లకూ బీ12 తగ్గే అవకాశం ఉంటుంది. అంటే మాకు రాసిన ఆ మాత్రలు కొందరికి నిజంగానే అవసరం. నాకు కాదు, అంతే.

రెండో పని: ఇంట్లో రెండు చిన్న పరీక్షలు

నమస్కారాన్ని తిరగేయండి. రెండు చేతుల వీపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడదీసి, మోచేతులు పక్కలకు చాపి 1 నిమిషం ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు జివ్వుమంటే మీడియన్ నరం మీద అనుమానం బలపడుతుంది. నాకు 20 సెకన్లకే మొదలైంది.

రెండోది మోచేతికి. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు మోచేతిని పూర్తిగా మడిచి, మణికట్టు తిన్నగా ఉంచి 1 నిమిషం ఆగండి. చిటికెనవేలు మొద్దుబారితే నరం మోచేయి దగ్గర నలుగుతున్నట్టు. ఈ పరీక్షలు అనుమానాన్ని పెంచడానికో తగ్గించడానికో పనికొస్తాయి తప్ప తీర్పు చెప్పవు. తేల్చేది నరాల వేగం కొలిచే పరీక్ష, నర్వ్ కండక్షన్ స్టడీ.

ఎప్పుడు మార్గదర్శి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి

తెడ్డు దించాక 24 గంటలైనా స్పర్శ పూర్తిగా రాకపోతే. చేతిలోంచి గ్లాసులు, తాళాలు జారుతుంటే. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైతే. రెండు మూడు వారాలుగా రోజూ అర్ధరాత్రి లేచి చేయి విదిలించుకోవలసి వస్తుంటే. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ చదునైపోయిందనిపిస్తే అసలు ఆలస్యం చేయొద్దు, అది చాలాకాలంగా నరం నలుగుతోందని చెప్పే గుర్తు. నరం పీచులే చెడితే తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొస దాకా ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

ఆర్థోపెడిక్ డాక్టరు గానీ, చేతి సర్జన్ గానీ చూడవచ్చు. చెన్నైలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేతి వైద్యానికే ప్రత్యేక విభాగం ఉంది.

ఒక మాట విడిగా. తిమ్మిరి ఉన్నట్టుండి ఒక పక్క మొత్తానికి వచ్చి మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, లేదా ఎడమచేయి లాగుతూ ఛాతీ పట్టేసి చెమటలు పడుతున్నా అది కయాక్ వ్యవహారం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మూడో పని: పట్టు వదలడం

నిమిషానికి 50 తెడ్లు వేస్తే గంటకు 3000. అందులో ప్రతిసారీ మీరు తెడ్డు కాడను పిడికిట్లో నలిపేస్తుంటే 3000 సార్లు ఆ సొరంగాన్ని మూస్తున్నారన్నమాట. పోనీ, మధ్యలో తెరుస్తున్నారా అంటే అదీ లేదు.

మా నాయనమ్మ విసుర్రాయి తిప్పడం నేను చూశాను. నెల్లూరు దగ్గర ఊళ్లో, వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని కందులు విసిరేది. పిడిని ఎప్పుడూ బిగించి పట్టుకునేది కాదు. వేళ్లను కొక్కెంలా తగిలించేది. పిడి అరచేతిలో వదులుగా తిరుగుతుండేది. ఊగేది నడుము. పని అయ్యాక "నడుం పట్టేసింది రా" అనేది గానీ చేయి తిమ్మిరి అని ఏనాడూ అనలేదు. కయాక్ పాఠం నాకు ఇంగ్లీషు వీడియోల్లో అర్థం కాలేదు. ఆ విసుర్రాయి గుర్తొచ్చాక అర్థమైంది.

ఇలా చేయండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి కాడ చుట్టూ వదులుగా ఒక సున్నా చుట్టండి. మిగతా మూడు వేళ్లు ఊరికే ఆనుకుని ఉండాలి. తెడ్డును నీళ్లలోంచి లాగే చేతికి వేళ్లు కొక్కెం. అదే సమయంలో పైనున్న చేయి కాడను ముందుకు నెడుతుంది. నెట్టడానికి పిడికిలి అక్కర్లేదు, కాబట్టి ఆ చేతి వేళ్లను పూర్తిగా విప్పేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న కండతో, అరచేతి పై భాగంతో నెట్టాలి. అరచేతి మొదట్లో, చిటికెనవేలి కిందుండే మెత్తటి కండతో నెట్టకండి, అల్నార్ నరం ఆ పక్క నుంచే పోతుంది.

మొదటి రోజు ముట్టుకాడు లాంటి నిలకడ నీళ్లలో 50 తెడ్లు ఇలా వేయండి. ప్రతిసారీ పై చేతి వేళ్లు హార్మోనియం వాయిస్తున్నట్టు ఆడాలి. పక్క పడవలో వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. అంటే ప్రతి తెడ్డుకూ ఒక చేయి సెలవు తీసుకుంటుంది. రక్తం ఆడటానికి ఆ అరసెకను చాలు.

పట్టు ఎందుకు బిగుస్తుందో కూడా చూసుకోవాలి. నా విషయంలో రెండు కారణాలు. ఒకటి చాలా చిన్నది: సన్‌స్క్రీన్. అరచేతులకు అంటిన క్రీము, పైన చెమట, దాంతో కాడ జారేది. జారుతున్నకొద్దీ బిగించేవాణ్ణి. ఇప్పుడు క్రీము రాసుకున్నాక అరచేతులు మాత్రం సబ్బుతో కడుక్కుంటున్నాను. జారుడు పోవాలని మందపాటి గ్లౌజులు వేసుకునేవాళ్లున్నారు. దాంతో కాడ లావైనట్టే, ఇంకా గట్టిగా పట్టాల్సి వస్తుంది. ఎండకు వేసుకోవాలంటే అరచేతి వైపు పల్చగా ఉన్నవే వేసుకోండి.

రెండోది భయం. నాకు ఈత అంతంతమాత్రం. కోవళంలో ఒడ్డున విరిగే అలలు దాటేటప్పుడు తెడ్డును ప్రాణంలా పట్టుకునేవాణ్ణి, దాటాక కూడా వదిలేవాణ్ణి కాదు. ఎంత చెప్పినా భయం ఉన్నంతసేపు పిడికిలి విప్పుకోదు. దానికి మందు ఒక్కటే: ఛాతీ లోతు నీళ్లలో, నేర్పేవాళ్లు పక్కనుండగా, కావాలని పది సార్లు బోల్తా పడటం, మళ్లీ ఎక్కడం. ఆరోసారికి విసుగొచ్చింది. విసుగొచ్చిందంటే భయం పోయినట్టే. అలలు దాటేటప్పుడు గట్టిగా పట్టుకోవడంలో తప్పు లేదు. చివరి అల దాటగానే తెడ్డు ఒళ్లో పెట్టి, రెండు చేతులూ నీళ్లలో ముంచి వేళ్లు ఆడించండి. దాన్ని ఒక మొక్కులా అలవాటు చేసుకోండి.

నాలుగో పని: నడుముతో తెడ్డు వేయడం

చేతులతో లాగితే చేతులే అరిగిపోతాయి. కాళ్లు ఫుట్‌రెస్ట్‌కు ఆనించి, వీపు కొంచెం ముందుకు వాల్చి కూర్చోండి. కుడి పక్క తెడ్డు వేయాలంటే ముందు ఛాతీ మొత్తాన్ని ఎడమకు తిప్పాలి. అప్పుడు కుడిచేయి దానంతటదే పాదం దాకా చేరుతుంది. బ్లేడు, అంటే తెడ్డు చివరనున్న పలక, పూర్తిగా మునిగాక కుడి పాదాన్ని నొక్కుతూ నడుమును వెనక్కి తిప్పండి. తుంటి దగ్గరికి వచ్చేసరికి బ్లేడు బయటికి రావాలి. అంతకన్నా వెనక్కి లాగితే మోచేయి మడుచుకుంటుంది, మణికట్టు విరుగుతుంది, పడవ కూడా పక్కకు తిరుగుతుంది.

సరిగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి లైఫ్ జాకెట్ జిప్పును చూసుకోండి. అది పక్కపక్కలకు తిరుగుతుంటే నడుము పని చేస్తున్నట్టు. జిప్పు ముందుకే చూస్తూ ఉంటే చేతులు చాకిరీ చేస్తున్నట్టు. మరుసటి రోజు పొట్ట పక్కల నొప్పిగా ఉంటే మంచి శకునం.

మోచేయి విషయం బావ లాంటివాళ్లకు. పై చేతిని భుజానికి దగ్గరగా, మోచేయి బాగా మడిచి ఉంచడం ఆయన అలవాటు. గంటకు 1500 సార్లు ఆ నరం మోచేయి వెనక సాగుతూ ఉండేది. చేతులను ఛాతీకి దూరంగా పెట్టి, పెద్ద బంతిని కావలించుకున్నట్టు ఉంచుకుంటే చాలావరకు తగ్గింది.

అయిదో పని: తెడ్డును మీకు తగ్గట్టు మార్చుకోవడం

నా కుడి మణికట్టును అసలు చెడగొట్టింది ఫెదరింగ్. కొన్ని తెడ్లలో రెండు చివరల బ్లేడ్లు ఒకే దిశలో ఉండవు, ఒకదానికొకటి మెలితిరిగి ఉంటాయి. ఎదురుగాలిలో పై బ్లేడు గాలిని కోసుకుంటూ పోవాలని ఆ ఏర్పాటు. కానీ ఎడమ పక్క బ్లేడు నీళ్లలోకి తిన్నగా దిగాలంటే ప్రతిసారీ కుడి మణికట్టును వెనక్కి విరవాలి. అద్దెకిచ్చేచోట మాకిచ్చిన తెడ్డుకు మెలిక బాగా ఎక్కువ. పైగా నట్టు తుప్పు పట్టి కదల్లేదు. అడిగితే అందరూ దాంతోనే వేస్తున్నారన్నారు.

కాబట్టి పడవ ఎక్కేముందే తెడ్డు మధ్యలో ఉన్న బటనో, రంధ్రాలో చూసి మెలికను 0కి తెచ్చుకోండి. అలవాటైనవాళ్లు 30 డిగ్రీల దాకా ఉంచుకోవచ్చు. మెలిక ఉంచుకున్నా తిప్పే పద్ధతి ముఖ్యం. కాడను మణికట్టుతో మెలితిప్పొద్దు. నడుము తిరుగుతూ ముంజేయి లేచేటప్పుడు ఆ తిప్పు దానంతట వస్తుంది, మరో చేతిలో కాడ వదులుగా తిరగాలి. చేతి వీపూ ముంజేయీ ఒకే గీతలో ఉన్నాయా అన్నది ఒక్కటే చూసుకోండి. ఎవరినైనా ముందు నుంచి వీడియో తీయమనండి. నా వీడియో చూసి నాకే సిగ్గేసింది.

పొడవు కూడా ముఖ్యమే. చేతులు కింద పెట్టి నింపాదిగా వేసేవాళ్లకు 220 నుంచి 230 సెంటీమీటర్లు, నిటారుగా వేసేవాళ్లకు 205 నుంచి 215 సాధారణంగా సరిపోతాయి. పడవ వెడల్పు పెరిగితే కాస్త పొడవు కావాలి. అవసరానికి మించి పొడవైతే ప్రతి తెడ్డూ భారమే. చేతుల మధ్య దూరం తెలియాలంటే కాడను నెత్తిన పెట్టుకోండి. రెండు మోచేతులూ దాదాపు లంబకోణంలో ఉన్నచోట రెండు పక్కలా ఇన్సులేషన్ టేపు చుట్టండి. అలిసిపోయాక చేతులు తెలియకుండానే దగ్గరికి జరుగుతాయి, ఆ టేపు గుర్తు చేస్తుంది.

బరువు మాట. అల్యూమినియం కాడ, ప్లాస్టిక్ బ్లేడ్లున్న తెడ్డు కిలో పైగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్‌దో కార్బన్‌దో అయితే 300 గ్రాములు తగ్గుతుందనుకుందాం. గంటకు 3000 తెడ్లకు రెండు చేతులూ కలిసి 900 కిలోలు తక్కువ మోస్తాయి. నెలకు రెండుసార్లకు మించి వెళ్లేవాళ్లు పడవ కొనకపోయినా సొంత తెడ్డు కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో దానికి చోటెక్కడ అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మాది ఫ్యాను కింద, బీరువా పైన ఉంది.

ఆరో పని: ఒంటిమీద బిగుతులు

నీళ్లలోకి దిగేముందు వాచీ ఒక రంధ్రం వదులు చేయండి, లేదా తీసేయండి. ఎండకూ శ్రమకూ చేతులు కాస్త ఉబ్బుతాయి. ఇంట్లో సరిపోయిన పట్టీ గంట తర్వాత బిగుసుకుంటుంది. బొటనవేలి వెనక తిమ్మిరికి ఇదే ముఖ్య కారణం. కడియం, మణికట్టుకు గట్టిగా కట్టిన కాశీతాడు కూడా అంతే. ఉంగరాలు ఇంట్లోనే పెట్టి రండి.

లైఫ్ జాకెట్‌ను నడుము పక్కల పట్టీలు బిగించి నిలబెట్టాలి, భుజం పట్టీలతో వేలాడదీయకూడదు. కూర్చుని రెండు చేతులూ పైకెత్తితే అది గడ్డానికి తగలకుండా ఉంటే సరి. కాళ్లు తిమ్మిరెక్కితే సీటు అంచు తొడ కింద నొక్కుతోందని గుర్తు. తొడల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి.

తిమ్మిరి కాదు, నొప్పి అయితే

నొప్పి నరానిది కాకుండా టెండాన్లది కావచ్చు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉందా? బొటనవేలిని పిడికిట్లో దాచి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. ప్రాణం పోయినట్టుంటే డీ కెర్వెయిన్ అనే వాపు కావచ్చు. బాగున్నవాళ్లకూ కొంచెం లాగుతుంది, రెండు చేతులనూ పోల్చి చూడండి. మణికట్టుకు నాలుగు వేళ్ల ఎగువన, ముంజేయి వెనక నొప్పి ఉండి, కదిపితే చేతికింద కిర్రుమంటే రెండు జతల టెండాన్లు ఒకదానిమీద ఒకటి రాసుకుంటున్నాయి. పడవలు నడిపేవాళ్లలో ఇది బాగా తెలిసిన బాధే. రెండింటికీ మొదటి వైద్యం తెడ్డు దించేయడం. కిర్రుమంటుంటే ఒక్క ఆదివారం కూడా వెళ్లొద్దు.

మోచేయి బయటి వైపు నొప్పి ఉంటే ప్లాస్టిక్ కుర్చీని వెనక నుంచి, అరచేయి కిందికి ఉండేలా పట్టుకుని, మోచేయి చాచి ఎత్తండి. నొప్పి పుడితే టెన్నిస్ ఎల్బో. టెన్నిస్ రాకెట్టు జన్మలో ముట్టనివాళ్లకే ఎక్కువ వస్తుంది. ఇది నెలల తరబడి ఉంటుంది, కంగారు పడొద్దు. 1 లీటరు నీళ్ల సీసా తీసుకోండి. ముంజేయిని బల్లమీద ఆనించి, మణికట్టు అంచు దాటేలా, అరచేయి కిందికి పెట్టండి. రెండో చేతితో సీసాను పైకి లేపి, నొప్పి ఉన్న చేతితో నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించండి. 10 నుంచి 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మరుసటి పొద్దుటికి పెరగకూడదు. మొదట్లో సీసాలో సగం నీళ్లే పోయండి.

భుజానికి ఒకే జాగ్రత్త: చేతులు ఎప్పుడూ ఛాతీకి ముందే ఉండాలి. వెనక ఏదైనా చూడాలంటే మొత్తం ఒళ్లు తిప్పండి. అల పక్క నుంచి కొడితే తెడ్డును తలపైకి ఎత్తి ఆనించబోతాం, భుజం కీలు జారేది అప్పుడే. మోచేయి భుజం కన్నా కిందే ఉంచాలి. జారిన కీలును ఒడ్డునున్నవాళ్ల చేత లాగించుకోకండి.

నీళ్లమీద ఉండగానే మొదలైతే

తిమ్మిరి మొదలైన క్షణమే పక్కవాళ్లకు చెప్పండి. పరువు కోసం దాచుకుంటే స్పర్శ లేని చేతులతో అలల్లోంచి ఒడ్డుకు రావాల్సి వస్తుంది. తెడ్డును పడవకు తాడుతో కట్టి, చేతులు కిందికి వేలాడేసి విదిలించండి. మోచేతులు చాపండి. జాకెట్ భుజం పట్టీ వదులు చేయండి. మెలికను 0కి మార్చండి. తర్వాత సగం వేగంతో, కాడను కింద పెట్టి మెల్లగా వేయండి. 10 నిమిషాల్లో తగ్గకపోతే వెనక్కి తిరగడమే.

ఇక్కడ చెన్నై గాలి సంగతి తెలియాలి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే పల్చటి గాలి ఉంటుంది. అది తెలియకుండానే మిమ్మల్ని లోపలికి తోస్తుంది, వెళ్లేటప్పుడు చేతులకు శ్రమే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి లేచి నీళ్లు గరుకెక్కుతాయి. కాబట్టి చేతిలో సగం సత్తువ ఉండగానే తిరగాలి. జట్టులో ఒకరి దగ్గరైనా లాగే తాడు ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో సముద్రాన్ని వదిలేసి ముట్టుకాడులోనో, పులికాట్ నిలకడ నీళ్లలోనో సాధన చేసుకోవడం మేలు.

నొప్పి రాకూడదని ముందే పెయిన్‌కిల్లర్ వేసుకుని పడవ ఎక్కడం మానండి. చెయ్యి చెప్పేది మీకు వినపడదు. ఎండలో చెమటోడుతూ, నీళ్లు తక్కువ తాగి ఆ మాత్రలు వేసుకుంటే కిడ్నీలకూ మంచిది కాదు.

మిగిలిన ఆరు రోజులు

ఆదివారం గంటన్నర ఒక్కటే ఈ పని చేయలేదు. నేను షోళింగనల్లూరు నుంచి కోవళానికి బైకు మీద వెళ్లేవాణ్ణి. హ్యాండిల్ అదురు, క్లచ్ నొక్కుడు, విరిచిన మణికట్టు, తెడ్డు ముట్టకముందే చేతులు సగం అలిసేవి. వారమంతా ల్యాప్‌టాప్ అంచుమీద మణికట్టు ఆనించడం, రాత్రి పడుకుని ఫోను పట్టుకోవడం. ఇవన్నీ ఒకే ఖాతాలో పడతాయి. కనీసం కయాక్ రోజున బస్సో కారో ఎక్కండి.

రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే స్ప్లింటు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కార్పల్ టన్నెల్‌కు 4 నుంచి 6 వారాలు వరసగా కట్టుకుని పడుకోవాలి. నాకు పది రోజులకే రాత్రి మెలకువలు తగ్గాయి. బిగించి కట్టకండి, దాంతో కొత్త తిమ్మిరి వస్తుంది. మోచేయి సమస్య ఉన్నవాళ్లు మోచేతి చుట్టూ తువ్వాలు చుట్టి పడుకుంటే నిద్రలో చేయి పూర్తిగా మడుచుకోదు.

రోజుకు అయిదు నిమిషాలు ఇంకో రెండు పనులు. కరివేపాకు కట్టకు వచ్చే రబ్బరు బ్యాండును అయిదు వేళ్ల చుట్టూ వేసి, 20 సార్లు వేళ్లు విప్పండి. తెడ్డు ఎప్పుడూ ముడిచే కండలకే పని చెబుతుంది, ఇది విప్పే కండలకు. రెండోది నరానికి: చేతిని పక్కకు చాచి, అరచేయి ఆకాశం వైపు పెట్టి, వేళ్లను మెల్లగా నేల వైపు వంచండి. చిన్న లాగుడు తెలియగానే వదిలేయండి. 10 సార్లు, ఊయల ఊగినట్టు. నరాన్ని కండలా సాగదీసి పట్టి ఉంచకూడదు, తిమ్మిరి పెరిగితే ఆపేయాలి.

మళ్లీ నీళ్లలోకి

పగలూ రాత్రీ తిమ్మిరి లేకుండా రెండు వారాలు గడిచాకే దిగాను. ముట్టుకాడులో మొదటి రోజు 20 నిమిషాలు, అదీ మెలిక లేని తెడ్డుతో. మరుసటి రోజు పొద్దుటికి చేయి మామూలుగా ఉంటే వచ్చే వారం 30, తర్వాత 45. తిమ్మిరి కనిపిస్తే ఒక వారం వెనక్కి. అలలున్న చోటుకు రెండు నెలల తర్వాత వెళ్లాను. ప్రతి 10 నిమిషాలకూ వాచీ మోగేలా పెట్టుకున్నాను. మోగగానే చేతులు నీళ్లలో. వాచీ ఇప్పుడు మణికట్టుకు కాదు, జాకెట్ పట్టీకి కట్టి ఉంది.

బావ ఓపిక పట్టలేదు, రెండో వారమే గంట వేశాడు. అయినా చిటికెనవేలు బాగానే ఉంది. తర్వాత మార్చిలో మళ్లీ మొదలైంది. చేతులు మడుస్తున్నావేమో అని వీడియో తీశాను, తెడ్డు వేయడంలో ఏ తప్పూ లేదు. ఆ రోజు తిరిగి వస్తుంటే తీరం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు పొడవునా, కారు ముందు సీట్లో నా పక్కన కూర్చుని, కిటికీ అంచుమీద ఎడమ మోచేయి ఆనించి కనిపించాడు. "బావా, ఆ మోచేయి తియ్యి" అన్నాను. తీశాడు. నీలాంకరై సిగ్నల్ దగ్గర చూస్తే మళ్లీ అక్కడే ఉంది.